పొడే కదా అనుకోకు, బుజ్జీ

చి. బుజ్జికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నీ మెసేజ్ చూశాను. కార్బన్ మోనాక్సైడ్‌ని మోఫ్ (లోహ అయాన్లనీ కర్బన అణువులనీ కలిపి అల్లిన, సన్నటి రంధ్రాలుండే స్ఫటికం) పొడిలో పట్టించి, స్పాచులాతో తూచి రియాక్షన్‌లో వేస్తారట, ఇక సిలిండర్ గొడవే లేదట. మంచి పని దొరికింది నీకు. కానీ ఆ "గొడవే లేదు" అన్న మాట దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది. అందుకే ఫోన్ చెయ్యకుండా కూర్చుని రాస్తున్నా.

ఈ దారి మీద నాకు నమ్మకం ఉంది. గ్యాస్‌తో మన పెద్ద బాధ తూచలేకపోవడం. 28 మిల్లీగ్రాములు చాలిన చోట బెలూన్ నిండా నింపుతాం, మిగిలిందంతా గాల్లోకే. 2023లో కార్నెల్ యూనివర్సిటీలో ఫిలిప్ మిల్నర్ బృందం ఫ్లోరిన్ ఉన్న గ్యాసుల్ని మోఫ్‌లో పట్టించి, ఆ పొడిని మైనంలో పొదిగి, మామూలు బల్ల మీద నిల్వ పెట్టగలిగింది. సోనికేటర్‌లో, అంటే శబ్ద తరంగాలతో కదిపే యంత్రంలో పెడితేనే గ్యాస్ బయటికొచ్చి ద్రావణంలో కలుస్తుంది. అందులో నాకు బాగా నచ్చింది ఆ మైనమే. గ్యాస్‌ని ఎలా నింపాలన్నదే కాదు, ఎప్పుడు వదలాలన్నది కూడా వాళ్ళు ముందే ఆలోచించుకున్నారు.

నువ్వూ అక్కడే మొదలుపెట్టు. స్ఫటికం గ్యాస్‌ని పట్టుకుంటుందే గానీ దాని విషాన్ని తగ్గించదు. ఏది తగిలితే వదిలేస్తుందో తెలిశాకే నింపడం నేర్చుకో.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మోఫ్‌లు లేవు, జియోలైట్లే, అవీ సన్నటి రంధ్రాలున్న ఖనిజాలే. 13ఎక్స్ అనే రకం గుళికల్లో అమ్మోనియా పట్టించి పెట్టాం. ఒకరోజు ఆ సీసాలో మెథనాల్ పోశాను. డ్రై చేసిన మెథనాల్ పక్కనే ఉంది, నేను చూసుకోకుండా తడి ఉన్నది తీశాను. సీసా అడుగు వేడెక్కింది, బుస్సుమని పొంగింది, కళ్ళు మండిపోయాయి. మెథనాలూ, అందులోని నీళ్ళూ లోపలున్న అమ్మోనియాని బయటికి తోసి ఆ చోట్లో తాము కూర్చుంటాయి, కూర్చుంటూ వేడి పుట్టిస్తాయి. కావాలంటే బాగా ఎండబెట్టిన ఖాళీ జియోలైట్ గుళికలు నాలుగు, గ్లవ్ వేసుకున్న అరచేతిలో పెట్టుకుని రెండు చుక్కలు నీళ్ళు వేసి చూడు, వెచ్చదనం తెలుస్తుంది. ఆ రోజు అమ్మోనియా కాబట్టి ముక్కు చెప్పింది, పరిగెత్తాను. నీ గ్యాస్‌కి వాసన లేదమ్మా. డిటెక్టర్ కోటు కాలర్‌కి పెట్టుకో, డ్రాయర్‌లో కాదు.

మోఫ్‌లకీ ఇదే జబ్బు. తేమ, మెథనాల్, టీహెచ్ఎఫ్ అనే ద్రావకం, అమీన్లు, ఏవైనా మోఫ్‌లోని లోహం దగ్గరికి చేరి గ్యాస్‌ని గెంటెయ్యగలవు. మీ ల్యాబ్‌లో హెచ్‌కేయూఎస్‌టీ-1 అనే రాగి మోఫ్ ఉంటే ఒక్కసారి దగ్గరగా చూడు. వాక్యూమ్‌లో వేడిచేసి తీసినప్పుడు నేరేడుపండు రంగులో ఉంటుంది. మూత తీసి గాలి తగలనిస్తే కళ్ళముందే లేత నీలానికి తిరుగుతుంది. ఆ రంగు మారడమే నీళ్ళు లోపలికి వెళ్ళడం. నువ్వు వాడే పొడి ఇంత స్పష్టంగా చెప్పకపోవచ్చు. జూలైలో హైదరాబాద్ గాలి ఎలా ఉంటుందో తెలుసుగా, తూకం గ్లవ్ బాక్స్‌లోనే, అంటే తేమ చొరబడని మూసిన పెట్టెలోనే వెయ్యి.

వయల్ (చిన్న గాజు సీసా) బిగించే ముందు కాగితం మీద లెక్క వెయ్యి. 2 మిల్లీమోల్ గ్యాస్ అంటే గది వేడిమి దగ్గర 48 మిల్లీలీటర్లు. వయల్‌లో ఖాళీ 10 మిల్లీలీటర్లే ఉంటే, ఉన్న గాలి పీడనం మీద ఇంకో నాలుగైదు అట్మాస్ఫియర్లు పడుతుంది, వేడిచేస్తే ఇంకా ఎక్కువ. మామూలు సెప్టం, ఆ రబ్బరు మూత, దానికి ఆగుతుందా? అంత గ్యాస్ పట్టేది అర గ్రాము కూడా లేని పొడి. చూపుకి ఏమీ లేనట్టే ఉంటుంది.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా బెంగగా ఉన్నది. మీరు వాడేది నికెల్ మోఫ్-74, అంటే నికెల్‌తో అల్లిన మోఫ్ అన్నావు. గ్యాస్ మీద దాని పట్టు గట్టిదే, ఒప్పుకుంటా. ఫ్రేమ్‌వర్క్‌లో నికెల్ అయాన్‌గా ఉంటుంది. కానీ మీ రియాక్షన్‌లో రెడ్యూసింగ్ ఏజెంట్ (ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం) ఉండి ఆ నికెల్ లోహంగా మారితే? సన్నటి నికెల్ పొడికి కార్బన్ మోనాక్సైడ్ తగిలితే 50 డిగ్రీల దగ్గరే నికెల్ కార్బొనిల్ పుడుతుంది. లుడ్విగ్ మాండ్ వాళ్ళు 1890లోనే చెప్పిన సంగతి. అది 43 డిగ్రీలకే మరిగిపోతుంది, దాని విషం ముందు నీ గ్యాస్ ఏపాటి! మీ గైడ్‌ని మొహమాటపడకుండా అడుగు. మెగ్నీషియం రకంతో పని జరిగితే అదే మేలు, పట్టు కాస్త తగ్గినా సరే.

పని అయ్యాక పొడిని డస్ట్‌బిన్‌లో వెయ్యకు. నింపేముందు బరువు, నింపాక బరువు, వదిలాక బరువు, మూడూ రాసుకో. మూడోది మొదటిదానికి దగ్గరగా రాకపోతే లోపల గ్యాసో సాల్వెంటో ఇంకా ఉన్నట్టే. హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే అరలోనే) ఉంచి నైట్రోజన్ పంపు. రాత్రిపూట ఒంటరిగా మాత్రం చెయ్యకు, అది నాకు మాటివ్వు.

ఈ వారం కార్బన్ మోనాక్సైడ్ ముట్టుకోకుండా, కార్బన్ డయాక్సైడ్‌తో మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూడు. ఆ మూడు బరువులూ నాకు ఆదివారం పంపు, చూసి ఫోన్ చేస్తా.

ఇట్లు,
మావయ్య