ఇనుప డ్రమ్ములో మైలుతుత్తం

ప్రశ్న: నిమ్మతోటలో గజ్జి తెగులుకు బోర్డో మిశ్రమం కొడదామని కిలో మైలుతుత్తాన్ని రాత్రి ఇనుప డ్రమ్ములో నానబెట్టాను. తెల్లవారేసరికి నీలం రంగు వెలిసిపోయి, డ్రమ్ము లోపల ఎర్రని పొర కట్టింది. ఇనుము రాగిగా మారిందని పక్క తోట పెద్దాయన అంటున్నారు. నిజమేనా? ఆ నీళ్లు వాడవచ్చా?
– ఒక నిమ్మ రైతు, గూడూరు ప్రాంతం

జవాబు: ఆ పొర రాగే. అంతవరకు పెద్దాయన మాట నిజం. అయితే ఇనుము రాగిగా మారలేదు. అది మీరు డబ్బిచ్చి కొన్న రాగే! మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటు, కిలోలో సుమారు 250 గ్రాముల రాగి ఉంటుంది. లోహాలను అవి ఎంత చురుగ్గా చర్య జరుపుతాయో ఆ వరుసలో పేర్చిన చర్యాశీలత శ్రేణిలో ఇనుము రాగికన్నా పైన ఉంది కనుక, తాను సల్ఫేటుతో కలిసి కరిగిపోతూ రాగిని బయటికి నెట్టేసింది. రాగి మొత్తం బయటపడాలంటే దాదాపు 220 గ్రాముల ఇనుము కరగాలి. కరిగేది మీ డ్రమ్మే. ఒకసారి అడుగు తట్టి చూసుకోండి.

ఆ నీళ్లు వాడకండి. తెగులును అడ్డుకోవలసిన రాగి డ్రమ్ముకు అంటుకుపోయింది. అలాగని చెరువులో పారబోయకండి, మిగిలిన రాగి చేపలకు విషం.

ఈసారి ప్లాస్టిక్ డ్రమ్ము గానీ మట్టి తొట్టి గానీ తీసుకోండి. జింకు పూత బకెట్ ఇంకా అన్యాయం, జింకు ఇనుముకన్నా పై మెట్టు. రాగి బిందెకు ఏమీ కాదు, కానీ తాగే బిందెలో కలపమని నేను చెప్పను.

కిలో మైలుతుత్తం ఒక 50 లీటర్లలో, కిలో సున్నం మరో 50 లీటర్లలో విడివిడిగా కలిపి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి కలియబెడుతూ పోయండి. తర్వాత కొడవలిని ఒక నిమిషం ముంచి తీయండి. ఎర్రబడితే సున్నంతో కలవని విడి రాగి ఇంకా నీళ్లలో ఉన్నట్టే, ఆకులు మాడతాయి. మరికొంత సున్నం కలిపి మళ్లీ ముంచండి. తుప్పు, జిడ్డు ఉన్న కొడవలిని నమ్మలేం, బాగా రుద్దాకే ముంచాలి.

బడిలో ఈ పాఠం చెప్పిన ఇన్నేళ్లూ నేను పరీక్షనాళికలోని మైలుతుత్తం నీళ్లలో మేకునే ముంచాను. తమలపాకు తోటలో వాళ్ల నాన్న కొడవలి ముంచి చూస్తారని ఒక పదో తరగతి కుర్రాడు చెబితే తెలిసింది. మరుసటి ఏడాది నుంచి తరగతికి కొడవలి తీసుకెళ్లాను.

కలిపింది ఆ రోజే కొట్టేయండి.