రొమ్ము ఇంప్లాంట్ ఎందుకు పెట్టించుకున్నానంటే

"ఇంప్లాంట్లు పెట్టించుకునేది అందం కోసమేనా, లేక మగవాళ్ల ఒత్తిడి వల్లా? చేయించుకున్నవారు ఎవరైనా చెప్పగలరా?" అని అడిగారు. నా సంగతి నేను చెబుతాను, పేరు మాత్రం చెప్పను.

రొమ్ము ఆకారం కోసం లోపల అమర్చే ఈ మెత్తని సంచిని నేను పెట్టించుకున్నది జాకెట్టు కోసం. నవ్వినా ఫరవాలేదు. క్యాన్సర్ వల్ల నాకు కుడి రొమ్ము మొత్తం తీసేశారు. తర్వాత చాలాకాలం బ్రాలో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్‌తో నెట్టుకొచ్చాను. నేను టీచర్ని. బోర్డు మీద రాయడానికి చెయ్యి ఎత్తితే చాలు, ప్యాడ్ పైకి జరిగేది. పిల్లల వైపు తిరిగేలోగా పైట సర్దుకుంటున్నట్టు నటిస్తూ దాన్ని కిందికి లాక్కోవాలి. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండలో ఆ ప్యాడ్ కింద చర్మం చెమటకు ఒరిసి ఎర్రబడిపోయేది. మా దర్జీ ఆవిడ ఏళ్లుగా నాకు కుడుతోంది. కొలతలు తీసుకుంటూ కుడివైపు డాట్లు వెయ్యాలా వద్దా అని అడగలేక, టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. డాక్టరు చెప్పిన ఏ మాటా నన్ను అంతగా కదిలించలేదు.

మా ఆయన ఒత్తిడి చేయలేదు సరికదా, "మళ్లీ ఈ కోతలెందుకు, నాకేమీ తేడా లేదు" అని వద్దన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ తేడా ఆయనకు కాదు, నాకు. అత్తయ్య అయితే, "ప్రాణం దక్కింది, అది చాలదూ? ఈ వయసులో ఎవరు చూడొచ్చారు?" అన్నారు. అంతకుముందు ఏడాదే ఆవిడ ముందు పళ్లు కట్టించుకున్నారు. ఎవరు చూడొచ్చారని మేమెవరం అడగలేదు.

ప్లాస్టిక్ సర్జన్ ముందుగా మా ఆయనను బయట కూర్చోమని, "ఇది ఎవరి కోరిక?" అని నన్నొక్కదాన్నే అడిగారు. ఆ ప్రశ్న అడగని డాక్టరు దగ్గర చేయించుకోవద్దని నేను అందరికీ చెబుతుంటాను. ఎందుకంటే మీరు అడిగిన ఒత్తిడి మాట కొట్టిపారేసేది కాదు. ప్రపంచంలో మొట్టమొదట సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్న టిమ్మీ జీన్ లిండ్సే 1962లో హ్యూస్టన్ ఆసుపత్రికి వెళ్లింది వాటి కోసం కానే కాదు, పచ్చబొట్లు తీయించుకోవడానికి. ఇంప్లాంట్ల ఆలోచన డాక్టర్లది. ఆవిడకు నిజంగా కావలసింది పొడుచుకొచ్చినట్టున్న చెవులను సరిచేయించుకోవడం!

పొట్ట నుంచి గానీ వీపు నుంచి గానీ కండ తీసి రొమ్ము తయారుచేసే పద్ధతి కూడా ఉంది. నాకు రేడియేషన్ అవసరం పడలేదు కాబట్టి ఇంప్లాంట్ సరిపోతుందన్నారు. రేడియేషన్ తీసుకున్నవారిలో ఇంప్లాంట్ చుట్టూ శరీరం కట్టే పొర గట్టిపడే అవకాశం ఎక్కువట. ముందు ఛాతీ కండరం కింద ఎక్స్‌పాండర్ అనే సంచి పెట్టారు. వెళ్లినప్పుడల్లా సూదితో అందులోకి కొంత సెలైన్ ఎక్కించి, చర్మాన్ని మెల్లగా సాగదీశారు. ఎక్కించిన రాత్రి ఛాతీ బిగుసుకుపోయి పక్కకు ఒత్తిగిలడం కూడా కష్టమయ్యేది. చాలినంత సాగాక మరో ఆపరేషన్ చేసి దాన్ని తీసేసి అసలు ఇంప్లాంట్ పెట్టారు.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. అక్కడ నాకు స్పర్శ లేదు. చలికాలంలో చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. వేడినీళ్ల సంచి అక్కడ పెట్టుకోవద్దని నర్సు మరీ మరీ హెచ్చరించింది, చర్మం కాలినా తెలియదు కనుక. పోయింది తిరిగి వస్తుందనుకుని వెళ్లేవారికి నిరాశ తప్పదు. వచ్చేది ఆకారం ఒక్కటే. నాకు కావలసిందీ అదే.

ఇది జీవితాంతం ఉండే వస్తువు కూడా కాదు. చుట్టూ పొర గట్టిపడవచ్చు, లోపల చిరగవచ్చు, తీసి మళ్లీ పెట్టాల్సి రావచ్చు. అరుదుగా, ముఖ్యంగా పైభాగం గరుకుగా ఉండే రకాలతో, ఒక రకం లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్, రావచ్చు. అందుకే 2019లో అలర్గాన్ కంపెనీ తన గరుకు ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. నాది నునుపు రకం. సిలికాన్ జెల్ రకం లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు కాబట్టి, పెట్టించుకున్న అయిదారేళ్లకు మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎమ్మారై గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోమని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ సూచిస్తోంది. ఖర్చు లెక్కలో ఇదీ వేసుకోండి.

బీమా వాళ్లు మొదట "కాస్మెటిక్" అంటూ నా క్లెయిమ్ తిప్పికొట్టారు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన పాలసీ నిబంధనల్లోనే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదని ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి పంపాక ఒప్పుకున్నారు.

క్యాన్సర్ లేనివారి సంగతా? మా బంధువుల అమ్మాయికి పుట్టుకతో పోలండ్ సిండ్రోమ్, ఒకవైపు ఛాతీ కండరమూ రొమ్మూ సరిగా ఎదగలేదు. పెట్టించుకున్నాకే పెళ్లిళ్లకూ పేరంటాలకూ రావడం మొదలుపెట్టింది. జబ్బేమీ లేకుండా, తనకు నచ్చి చేయించుకున్న మరో అమ్మాయీ తెలుసు. ఆ అమ్మాయి డబ్బు, ఆ అమ్మాయి ఒళ్లు. 2018లో తమిళనాడు ప్రభుత్వం చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్లు ఉచితంగా చేస్తామన్నప్పుడు ప్రజాధనంతో సోకులా అని విమర్శించినవారున్నారు. డబ్బున్నవాళ్లు చేయించుకుంటే ఎవరికీ పట్టని విషయం, పేదవాళ్ల దగ్గరికి వచ్చేసరికి సోకు ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. నాతోపాటు కీమో తీసుకున్న ఒకావిడ ఏదీ వద్దనుకుని, ప్యాడ్ కూడా పెట్టుకోకుండా హాయిగా తిరుగుతోంది. ఆవిడనూ ఎవరూ కారణం అడగనక్కర్లేదు.

చేయించుకోవాలని మీరు నిర్ణయించుకుంటే, డిశ్చార్జి రోజున ఇంప్లాంట్ కంపెనీ, రకం, సీరియల్ నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకోండి. రేపు ఏదైనా రకాన్ని వెనక్కి పిలిస్తే మీ లోపల ఉన్నది అదో కాదో చెప్పేది ఆ కార్డే.