ఫిల్టర్ 20 డాలర్లు, మొహమాటం 50 డాలర్లు

ప్రశ్న: అన్నయ్యా, మాది బొబ్బిలి. ఎమ్మెస్ కోసం డల్లాస్ వచ్చాను. నలుగురం కలిసి పాత కరోలా కారు కొన్నాం. ఆయిల్ మార్పించడానికి వెళ్తే ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్ పాడైంది, 70 డాలర్లవుతుందన్నారు. ఆలోచించుకుని వస్తామని చెప్పి వచ్చేశాం. ఇంటి దగ్గర మేమే మార్చుకోవచ్చా? వారంటీకి గానీ అపార్ట్‌మెంట్ వాళ్లతో గానీ ఇబ్బంది ఉంటుందా?

జవాబు: మార్చుకోవచ్చు తమ్ముడూ. ఆలోచించుకుని వస్తామన్నారు చూడు, అక్కడే నాకంటే తెలివైనవాళ్లనిపించుకున్నారు. సెలవులకి విజయనగరం వచ్చి ఉన్నాను. నీ ప్రశ్న చదివి వినిపిస్తే మా నాన్నగారు ముందు అడిగింది “70 డాలర్లంటే ఎంతరా?” అని. ఆరు వేల దాకా అన్నాను. “కాగితం ముక్కకా!” అని లేచి లోపలికెళ్లిపోయారు.

అదే కాగితం ముక్కకి నేనూ కట్టాను. అక్కడ పద్ధతి ఒకటే. ఆయిల్ మారుస్తుండగా ఓ కుర్రాడు నల్లబడ్డ ఫిల్టర్ చేత్తో పట్టుకొచ్చి, పక్కన తెల్లగా మెరిసే కొత్తది పెట్టి చూపిస్తాడు. ఇక్కడ రైతుబజార్లో వంకాయల దగ్గర రూపాయి కోసం పేచీ పెట్టే మనం ఆ కౌంటర్ దగ్గర మాత్రం నోరు మెదపం. మన ఇంగ్లీషుకి నవ్వుతారేమోనని, డబ్బుల్లేనివాళ్లం అనుకుంటారేమోనని బెంగ. నేనూ తలూపేశాను. బిల్లులో ఇంజిన్ ఫిల్టర్‌తో పాటు క్యాబిన్ ఫిల్టర్ కూడా చేరింది. ఆ రెండూ వేరని అప్పటికి నాకు తెలీదు. మొదటిది ఇంజిన్ పీల్చే గాలికి. రెండోది ఏసీలోంచి మన మొహానికి తగిలే గాలికి, చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనకాల ఉంటుంది. ఆ నెల చదువు లోను వాయిదాకి ఇంటికి పంపాల్సిన దాంట్లో ఆ మేరకు తగ్గింది. నాన్నగారు ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ దెబ్బకి నేను పూర్తిగా పిసినారినయ్యాను. అదింకో తప్పు. చిన్నప్పుడు మా పెదనాన్న జీపు గరివిడి, చీపురుపల్లి దారుల్లో లారీల దుమ్ములోనే తిరిగేది. మెకానిక్ ఫిల్టర్ ఊడదీసి, టైరుకేసి నాలుగు దెబ్బలు కొట్టి, కంప్రెసర్ గాలి పట్టి మళ్లీ బిగించేసేవాడు. “ఇంకో ఏడాది ఆడతాది బావూ” అనేవాడు. నేను అమెరికాలో అదే విద్య ప్రదర్శించాను. స్నేహితుడి కంప్రెసర్‌తో గాలి కొడితే దుమ్ము పొగలా లేచింది, చాలా సంతోషించాను. మడతల మధ్య కాగితం చిరిగిన సంగతి చూసుకోలేదు.

కొన్నాళ్లకి సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణకడం మొదలైంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఫిల్టర్ దాటాక లోపలికెళ్లే గాలిని కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది, మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ అంటారు. చిరుగులోంచి పోయిన దుమ్ము దాని మీద పేరుకుంది. ఆ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చేస్తే లొంగింది గానీ, ఆ మాట చెప్పడానికి మెకానిక్ పరీక్ష ఫీజే వంద డాలర్లు దాటింది. 20 డాలర్లు మిగుల్చుకుందామని చేసిన పని! అందుకని కాగితం ఫిల్టర్‌ని కడగొద్దు, గాలి కొట్టొద్దు. దాని పని అయిపోతే చెత్తబుట్టలో వెయ్యడమే.

అసలు పని అయిపోయిందో లేదో ముందు మీరు చూసుకోవాలి. కాస్త బూడిదరంగు వచ్చినంత మాత్రాన పాడైనట్టు కాదు, దుమ్ము పట్టుకోవడమే దాని ఉద్యోగం. బయటికి తీసి వెనక నుంచి ఫోన్ టార్చ్ వెయ్యండి. మడతల్లోంచి వెలుతురు బాగా కనబడితే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. కనబడకపోతే, లేదా నూనె మరకలు, చిరుగులు ఉంటే మార్చెయ్యండి. చాలా కార్లకి 15,000 నుంచి 30,000 మైళ్ల మధ్య మార్చమంటారు, దుమ్ము ఎక్కువున్న చోట ఇంకా ముందే. మీ కారు లెక్క మాన్యువల్లో ఉంటుంది. పాత కారు కాబట్టి మాన్యువల్ ఉండకపోవచ్చు, కంపెనీ వెబ్‌సైట్లో దొరుకుతుంది.

మార్చకపోతే మైలేజీ పడిపోతుందని కూడా భయపెడతారు. కార్బురేటర్ కాలం బళ్లకి అది నిజమే. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఎంత గాలి వస్తే దానికి తగ్గట్టే కంప్యూటర్ పెట్రోలు వదుల్తుంది. అమెరికా ఇంధన శాఖకి చెందిన ఓక్ రిడ్జ్ లేబొరేటరీ 2009లో పరీక్షించి, ఫిల్టర్ మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాదని తేల్చింది. తగ్గేది పికప్. హైవే ఎక్కేటప్పుడు బండి ఈడుస్తున్నట్టుంటుంది. కాబట్టి టెన్షన్ పడి ఈ రోజే మార్చక్కర్లేదు, వారాంతం దాకా ఆగొచ్చు.

కొనేటప్పుడు తయారైన సంవత్సరం, మోడల్, ఇంజిన్ సైజు, మూడూ చెప్పండి. ఒకే ఏడాది కరోలాలో 1.8 లీటర్ల ఇంజిన్, 2.4 లీటర్ల ఇంజిన్ రెండూ వచ్చిన రోజులున్నాయి. విడిభాగాల షాపువాళ్లు కంప్యూటర్లో చూసి ఇస్తారు, 15 నుంచి 25 డాలర్లలో అయిపోతుంది. సరిపోకపోతే వాపసు ఇవ్వొచ్చు, రసీదు పారెయ్యొద్దు.

ఇక పని. ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. బోనెట్ ఎత్తితే లావుపాటి గొట్టం తగిలించి ఉన్న నల్ల ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. కరోలాల్లో మామూలుగా క్లిప్పులే ఉంటాయి, చేత్తో వస్తాయి. కొన్ని కంపెనీల కార్లకి స్క్రూలుంటాయి. మూత ఎత్తి, పాత ఫిల్టర్ ఏ వైపు పైకి ఉందో ఫోన్లో ఫోటో తీసుకోండి. తీశాక డబ్బా అడుగున ఎండుటాకులు, చచ్చిన పురుగులు ఉంటాయి, తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఇంజిన్ వైపు గొట్టంలోకి మాత్రం చిన్న ఆకు ముక్క కూడా పడకూడదు. కొత్తదాని రబ్బరు అంచు గాడిలో చుట్టూ సరిగ్గా కూర్చోవాలి. చాలా డబ్బాల మూతకి ఒక వైపు నాలుకల్లాంటివి ఉంటాయి, ముందు అవి వాటి సందుల్లోకి దూరాలి, ఆ తర్వాతే క్లిప్పులు. క్లిప్పు బలవంతం మీద గానీ పడట్లేదంటే కింద ఏదో సరిగ్గా కూర్చోలేదని అర్థం. మళ్లీ తీసి పెట్టండి, విరక్కొట్టకండి. ఫిల్టర్ అంచు మీద తేదీ, మైళ్లు మార్కర్‌తో రాసి పెడితే ఈసారి షాపువాడు ఏం చెప్పినా మీ దగ్గర లెక్క ఉంటుంది.

మొన్న కోట దగ్గర మా బావమరిది ఇంటి ముందు అతని కారుకి ఇదే పని చేస్తుంటే ఎదురింటి మాస్టారు ఆగి మరీ చూశారు. “అమెరికాలో ఉద్యోగం చేస్తూ మెకానిక్ పనేటి నాయనా?” అన్నారు. ఇక్కడ షెడ్డులో బండి వదిలి టీ తాగి వచ్చేసరికి అయిపోతుంది, వందో రెండొందలో ఇస్తే సరి. అక్కడ మనిషి చెయ్యి పడితే చాలు, బిల్లు అమాంతం పెరుగుతుంది. ఆయనకి అది చెప్పినా నమ్మలేదు. పైగా మా బావమరిది ఆయన వైపే మాట్లాడాడు.

వారంటీ సంగతి. సొంతంగా సర్వీసు చేసుకున్నంత మాత్రాన వారంటీ పోదని 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం చెబుతోంది. మీ పాత బండికి వారంటీ మిగిలి ఉంటే కదా ఆ బాధ! అపార్ట్‌మెంట్ లీజుల్లో పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యకూడదని రాసి ఉండొచ్చు, ఓసారి చదువుకోండి. మరీ అనుమానమైతే ఫిల్టర్ కొన్న షాపు వాళ్లనే అడిగి వాళ్ల పార్కింగ్‌లో మార్చుకోండి.

నలుగురూ తలా ఐదు డాలర్లు వేసుకుంటే ఫిల్టర్ వచ్చేస్తుంది. మిగిలిన 50 డాలర్లు పిజ్జాలకి తగలెయ్యక లోనుకి కట్టండి. మీ వయసులో ఈ మాట ఎక్కదని తెలుసు, అయినా చెబుతున్నాను. ఈ ఊపులో ఆయిల్ కూడా ఇంట్లోనే మార్చేద్దాం అనుకునేరు! కారు కిందకి దూరాలి, నూనె ఒలికితే అపార్ట్‌మెంట్ వాళ్లు వదలరు, పాత నూనెని డ్రైనేజీలో పొయ్యడం నేరం. దానికి మాత్రం ఆ షాపుకే, కూపన్ పట్టుకుని వెళ్లండి.