తొట్టి టైరు ఎండకు పేలుతోందని గాలి తగ్గించకు

నెలలో రెండుసార్లు ట్రాక్టర్ తొట్టి టైరు పేలింది, రెండుసార్లూ మిట్టమధ్యాహ్నమే, ఎండాకాలం పోయేదాకా గాలి ఓ పది పౌండ్లు తగ్గించి నడపమంటున్నారు, నిజమేనా అని అడిగావు కదా తమ్ముడూ. ఆ పని మాత్రం చెయ్యకు. నేను అదే చేసి ఒక టైరు, ఒక డిస్కు (టైరు ఎక్కించే ఇనుప చక్రం), రెండు రోజుల పని పోగొట్టుకున్నాను.

మాది రాజాం దగ్గర. సీజన్‌లో సంకిలి ఫ్యాక్టరీకి చెరకు తోలతాం, మిగతా రోజుల్లో ధాన్యం, ఇటుక, ఏది దొరికితే అది. ఆ ఏడు సీజన్ చివర్లో ఎండలు ముదిరాయని మా బావ చెబితే నాలుగు టైర్లకీ గాలి తీయించాను. ఫ్యాక్టరీ ఇంకో నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా వెనక ఎడమది బాంబులా పేలి తొట్టి ఒరిగిపోయింది, చెరకు సగం పక్క పొలంలో పడింది. పంక్చర్ షాపు బాబాయి వచ్చి టైరు విప్పాడు. లోపల చెయ్యి పెట్టి గుప్పెడు నల్ల పొడి తీసి నా అరచేతిలో పోశాడు, అచ్చం కాఫీ పొడిలా ఉంది. "ఎండకి ఇలా పొడి రాదు నాయనా, గాలి చాలక పక్కలు మడతపడి మడతపడి లోపల రబ్బరు రాలిపోయింది" అన్నాడు. పొడి కింద నైలాన్ పోగులు తెల్లగా బయటికి కనిపిస్తున్నాయి.

గాలి తక్కువైతే టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువ నలుగుతుంది, ఆ నలుగుడుకే వేడి పుడుతుంది, పైన లోడు, కింద కాలిన తారు రోడ్డు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఎండకి లోపల గాలి కొంచెం పెరిగే మాట నిజమే, కానీ దాన్ని తట్టుకునేలాగే టైరు చేస్తారు. అందుకే గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి, టైరు మీద రాసిన పౌండ్లకి సరిపోవాలి. నడిచి వేడెక్కిన టైరుకి మీటరు ఎక్కువ చూపించిందని గాలి తీసెయ్యకూడదు. మీటరు సొంతంగా ఒకటి కొనుక్కో. మా ఊళ్లో గాలి కొట్టే రెండు షాపుల మీటర్లకీ పది పౌండ్ల తేడా, ఎవరిని నమ్మాలి?

వాల్వ్ పిన్ను మీద కాస్త ఉమ్మి రాసి చూడు, బుడగ వస్తే అక్కడే లీకు. తొట్టితో వచ్చిన చిక్కేంటంటే వెనక టైరు దిగిపోయినా ట్రాక్టర్ మీద కూర్చున్నవాడికి తెలీదు, ఇంజిన్ మోతలో ఏమీ వినపడదు. నేనిప్పుడు లోడుతో పది, పదిహేను కిలోమీటర్లు వెళ్లాక టీ కోసం ఆపి నాలుగు టైర్ల పక్కల మీదా, హబ్బుల (చక్రం నడిమి భాగాల) మీదా చెయ్యి పెట్టి చూస్తాను. ఒక టైరు మిగతావాటి కంటే వేడిగా ఉంటే గాలైనా తగ్గుండాలి, లోడైనా ఆ పక్కకి ఒరిగుండాలి. హబ్బు కాలుతుంటే బేరింగ్ చూపించుకోవాలి. గాలి పోయాక కాస్త దూరం నడిపిన టైరుంటే, మళ్లీ గాలి కొట్టేసి వాడకుండా విప్పించి లోపల చూడు.

ఇంకోటి, బటన్లు (టైరు నేలని తాకే వైపు ఉండే రబ్బరు గట్లు) చూసి మోసపోకు. ఒకసారి సెకండ్‌హ్యాండ్‌లో బటన్లు నిండుగా ఉన్నాయని మురిసిపోయి రెండు కొన్నాను, అమ్మినాయన కొత్తవాటిలాంటివే అన్నాడు. ఇంటికొచ్చాక పక్కన గుడ్డతో తుడిస్తే 3511 అని ఉంది, అంటే 2011లో 35వ వారం తయారీ. ఆ నాలుగంకెలు సాధారణంగా ఒక పక్కనే ఉంటాయి, అవతలి పక్క వంగి చూడాల్సి వస్తుంది. రిమ్ముకి దగ్గర్లో గోరు నొక్కితే సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి. తొట్టి ఆరు నెలలు ఖాళీగా ఉండే బండి కాబట్టి బటన్లు అరిగేలోపే రబ్బరు ముసలిదైపోతుంది. ఆరేళ్లు దాటితే నేనైతే లోడుకి వాడను. పనులన్నీ అయిపోయాక ఇరుసు కింద దుంగలు పెట్టి తొట్టిని లేపి, టైర్లకి గోనె సంచులో తాటాకులో కప్పుతాను. మేకలు లాగేస్తాయి, అది వేరే గొడవ.

లోడు గురించి నేను చెప్పినా ఎవరూ వినరు గానీ, కాటా చీటీలో బరువు చక్రాల లెక్కన పంచి, టైరు మీద రాసినదాంతో ఒక్కసారైనా పోల్చు. స్పీడు కూడా అంతే. తొట్టి టైర్ల మీద చాలావాటికి ఎ8 అని ఉంటుంది, అంటే గంటకి 40 కిలోమీటర్లే. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కగానే మన కుర్రాళ్లు లారీలతో పందెం వేస్తారు.

ఒకవేళ పేలితే బ్రేకు గట్టిగా తొక్కకు, వెనక బరువు వచ్చి ట్రాక్టర్‌ని అడ్డంగా తిప్పేస్తుంది. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ నిటారుగా పట్టుకో, దానంతట అదే ఆగనీ.

నీ పేలిన టైర్లు ఇంకా పారెయ్యకపోతే లోపల పొడి ఉందేమో చూసి, పక్కన నాలుగంకెలు ఎంతున్నాయో ఇక్కడ రాయి.