అమ్మ మీద పుస్తకం వేసే ముందు

చి.ల.సౌ. పాపకు, కడప నుంచి మామ దీవెనలు.

ఫోన్లో నువ్వు చెప్పిన సంగతి గురించే రాస్తున్నాను. సంవత్సరీకం నాటికి అమ్మ మీద చిన్న పుస్తకం వేసి, ఆమె చివరగా పనిచేసిన బడిలోనే సభ పెట్టాలనుకున్నారు. మంచిపని. మన టీచర్ల కోసం ఇలాంటి సంచికలు కొన్నింటికి నేనూ చెయ్యేసినవాణ్ణే కాబట్టి నాకు తోచింది చెప్తాను. కొంచెం కటువుగా ఉంటే ఏమనుకోకు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు పేజీలు చదివాను. ఆదర్శ ఉపాధ్యాయిని, అనురాగవతి అయిన ఇల్లాలు, త్యాగమూర్తి అయిన తల్లి అని మూడు భాగాలు చేశావు. ఆ మాటలు తీసెయ్. మన జిల్లాలో ఏ టీచరమ్మ ఫొటో కింద పెట్టినా సరిపోతాయవి. పైగా త్యాగమూర్తి అని ఒకసారి అనేశామంటే, ఆ త్యాగం ఆమెతో ఎవరు చేయించారని అడిగే పని తప్పిపోతుంది. మనందరికీ హాయి. మూడు భాగాలు కూడా వద్దు. తెల్లారకముందే లేచి మీకు క్యారియర్లు కట్టి, మీ నాన్న మాత్రలు గిన్నెలో తీసిపెట్టి, పల్లెవెలుగు బస్సులో సీటు దొరికితే కాంపోజిషన్ నోట్సులు ఒళ్ళో పెట్టుకొని దిద్దుకుంటూ పోయేది. ఆ రెండు గంటల్ని ఏ భాగంలో వేస్తావు?

ముందు బీరువా తెరువు. టీచర్లలో చాలామంది సర్వీసు రిజిస్టరుకు ఒక డూప్లికేట్ ఇంట్లో ఉంచుకుంటారు. మీ అమ్మ ఉంచుకోకుండా ఉండదు. పైపైన చూస్తే అందులో ఇంక్రిమెంట్లు, పీఆర్సీలు (జీతాల సవరణలు), సెలవులు తప్ప ఏమీ కనిపించవు. నిదానంగా చదువు. మొదట్లోనే పుట్టుమచ్చలు రాసి ఉంటాయి, వేలిముద్రలు ఉంటాయి. ఉద్యోగంలో చేరిన నాటి అమ్మాయి వేళ్ళవి. పుట్టిన తేదీని మాత్రం పట్టుకొని వేలాడకు. ఆ కాలంలో బడిలో చేర్చేటప్పుడు అయ్యవారికి తోచిన తేదీ వేయడం మామూలే. అసలుది మీ అమ్మమ్మ తరఫు వాళ్ళను అడుగు. ఏ కరువు సంవత్సరమో, ఏ తిరుణాలకు ముందో వాళ్ళే చెప్తారు.

ఆ తర్వాత బదిలీల వరస రాసుకో. 1985లో మండలాలు వచ్చాయి. అంతకు ముందు పేజీల్లో పంచాయతీ సమితి అని, ఆ తర్వాత మండల ప్రజా పరిషత్ అని ఉంటుంది. రెండు బడులనుకునేవు, ఒకటే కావచ్చు. 2022లో రాయచోటి వైపు ఊళ్ళు అన్నమయ్య జిల్లాలోకి పోయాయి కదా, పుస్తకంలో మాత్రం ఆమె పనిచేసిన నాటి జిల్లా పేరే వెయ్. బదిలీల పక్కనే సెలవుల పేజీ పెట్టుకో. ప్రసూతి సెలవు ఎప్పుడు పెట్టింది, ఎన్ని రోజులకు మళ్ళీ చేరింది, మీ నాన్న ఆసుపత్రిలో పడుకున్నప్పుడు సగం జీతం సెలవు ఎంత వాడింది, అన్నీ తెలుస్తాయి. ఆమె కాపురం గవర్నమెంటు కాగితాలకెక్కింది ఆ ఒక్కచోటే.

పాత విద్యార్థుల దగ్గరికి పోయి ‘మా అమ్మ గురించి రెండు మాటలు చెప్పండి’ అనొద్దు. మైకు ముందు నిలబెట్టినట్టు బిగుసుకుపోయి ‘మేడమ్ దేవత’ అంటారు. అక్కడితో సరి. మేడమ్‌కు కోపమొస్తే ఏం చేసేదని అడుగు. నిన్ను పేరు పెట్టి పిలిచేదా, మీ నాన్న పేరు చెప్పి ‘ఫలానా వాళ్ళ కొడుకా’ అనేదా? చెనక్కాయలు పీకే కాలంలో బడికి ఎగ్గొట్టేవాడివి కదా, ఇంటికొచ్చిందా, వచ్చి ఏమంది?

ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతన్ని నేను ఇట్లే కదిలించాను. ఏడో తరగతిలో పది రోజులు చేలో పనికి పోయాడట. మీ అమ్మ సాయంత్రం నేరుగా చేలోకే వచ్చిందట. తిట్టలేదు. కొంగు నడుముకు దోపుకొని వాళ్ళమ్మ పక్కనే కూర్చొని, పీకిన చెట్ల నుంచి కాయలు తెంపుతూ వానల గురించీ, మేత ధర గురించీ మాట్లాడిందట. బడి ఊసే ఎత్తలేదు. పొద్దుగూకాక లేచి చేతులు దులుపుకొని, ‘సోమవారం లెక్కల పరీక్ష ఉందమ్మా’ అని ఒక్కమాట అని పోయిందట. సోమవారం పొద్దున వాళ్ళమ్మే అతన్ని లాక్కొచ్చి బడిలో వదిలింది. అడగాల్సిన తీరులో అడిగితే ఇలాంటివి ఇంకా వస్తాయి.

బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళూ చెప్తారు. రాసుకో, పుస్తకంలోనూ వెయ్. ఎప్పుడూ కోపమే రాని టీచరమ్మ ఉందంటే చదివినవాళ్ళు నమ్మరు.

ఒకే సంగతి తలా ఒక రకంగా చెప్తారు, టెన్షన్ పడకు. తెలుగు నిఘంటువు చేసిన బ్రౌన్ దొర మన కడపలోనే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, కావ్యాలకు దొరికినన్ని ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి సరిచూయించాడు. తేదీల విషయంలో నువ్వూ అదే చెయ్. మనుషుల విషయంలో మాత్రం రెండు మాటలూ ఉంచు. ‘అమ్మ నన్ను బాగా కొట్టేది’ అని మీ అన్న అంటాడు, ‘అమ్మ చెయ్యెత్తగా నేను చూళ్ళేదు’ అని నువ్వంటావు. ఇద్దరిదీ నిజమే. వాడు చిన్నప్పుడు ఆమె బస్సు దిగి చేలకడ్డం పడి నడిచి బడికి పోయేది, ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండేది కాదు. నువ్వు పుట్టేనాటికి రోడ్డు పక్క బడికి బదిలీ అయింది. ఆ మాట అలాగే రాయి.

మీ నాన్న సంగతి వేరు. ఎదురుగా ఫోన్ పెట్టి రికార్డింగ్ నొక్కితే ‘మంచిది, చాలా మంచిది’ అని ఊరుకుంటాడు. ఆయన చేతికి ఏదైనా వస్తువు ఇచ్చి మాట్లాడించు. ఆమె చేతిగడియారం, నెలనెలా ఖర్చులు రాసుకున్న చిట్టా, ఏదో ఒకటి. మొదట్లో ఆమె జీతం ఎవరి చేతికొచ్చేది, పాస్‌బుక్కు ఎవరి దగ్గరుండేది అని మెల్లగా అడుగు. ఇబ్బంది పడితే పడనీ. ఉద్యోగం చేసిన ఇల్లాలి కథ ఆ పాస్‌బుక్కు లేకుండా పూర్తి కాదు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మాత్రం ఫోన్ ఆపేసి, ఉగ్గాని చేసి పెట్టు. తక్కింది ఇంకో రోజు.

ఇంకొకటి. ఫలానా పిల్లకు ఫీజు కట్టింది, ఫలానా వాడిని ఇంట్లో పెట్టుకొని చదివించింది అని చాలామంది చెప్తారు. ఆ పిల్లలిప్పుడు పిల్లల తల్లిదండ్రులు. వాళ్ళను అడక్కుండా వాళ్ళ పేదరికాన్ని అచ్చులో వేయొద్దు. సరేనంటేనే పేరు వెయ్. వద్దంటే సంగతి ఉంచి పేరు తీసెయ్.

సభ గురించి ఎక్కువ చెప్పను. ఫ్లెక్సీ మీద నాయకుల బొమ్మలు పెట్టారంటే మీ అమ్మ మూలకు పోతుంది, మీ అన్నకు ముందే గట్టిగా చెప్పు. ఆమె రాసుకున్న పాఠ్య పథకాల నోట్సు దొరికితే, అందులోని ఒక పాఠం పాత విద్యార్థి ఒకరు అక్కడే చెప్పాలి. ఉపన్యాసాల కంటే అది నయం.

అచ్చు విషయాలు. డెమీ సైజులో ఒక ఫారం (ఒక పెద్ద కాగితం మీద అచ్చయ్యేది) అంటే 16 పేజీలు, కాబట్టి పేజీలు ఆ లెక్కలోనే చూసుకో. 48 పేజీలైతే మధ్యలో పిన్ను కొడితే చాలు, ఖర్చు తక్కువ. నువ్వు ఫోన్లో టైపు చేసి పంపేది డీటీపీ వాళ్ళు ‘అను’ అనే తమ తెలుగు ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు, పొల్లులు చెదిరిపోతాయి. అందుకే మార్చాక మళ్ళీ మొదటి నుంచి చదవాలి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు మీ నాన్నతో కూడా చదివించు. గ్రూప్ ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తోనే రాయి. బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందువైపు పడుతుంది.

ప్రూఫులు నాకూ పంపు, చూసిపెడతాను. పుస్తకం వచ్చాక ఒక ప్రతి ఇక్కడ బ్రౌన్ గ్రంథాలయానికి నేనే ఇస్తాను. ఇంకొకటి ఆమె మొదట చేరిన బడికి పోవాలి. ఆ బడిని పక్క ఊరి బడిలో కలిపేశారని విన్నాను. నిజమైతే అక్కడి హెడ్మాస్టరుకే ఇచ్చి, లైబ్రరీ స్టాకు రిజిస్టర్లో నీ కళ్ళముందే ఎక్కించమను. ఎక్కించకపోతే ఏడాది తిరిగేలోపు అటకెక్కుతుంది.

ఇట్లు,
మీ మామ