పెళ్లి పూలు పెరట్లో: తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ప్రశ్న: అమ్మాయి పెళ్లికి ఇంకా నాలుగు నెలలుంది. 15 బల్లల మీద పెట్టే కూజాలకు పూలన్నీ పెరట్లోనే పెంచాలని మా కోరిక. జినియా, బంతి ఎప్పుడు వేయాలి? ఎన్ని మొక్కలు పెట్టాలి?

జవాబు: మంచి ఆలోచన, వ్యవధి కూడా సరిపోతుంది. వెచ్చని కాలంలో జినియా విత్తిన 60–70 రోజులకు పూస్తుంది. పొడవు రకం బంతి కూడా ఇంచుమించు అంతే. కానీ తల తుంచితే పూత ఒకటి రెండు వారాలు ఆలస్యమవుతుంది. అలాగని తుంచడం మానకండి. తుంచని మొక్కకు నడినెత్తిన ఒక్క పువ్వు ముందు విచ్చుకుంటుంది, పక్క కొమ్మలు ఆలస్యమవుతాయి. కూజాకు కావలసిన పొడుగాటి కాడలు పక్క కొమ్మలవే. మొక్క జానెడు దాటగానే మూడు నాలుగు జతల ఆకులుంచి పైచిగురు గిల్లేయండి.

ఒకేసారి అన్నీ వేయొద్దు. పెళ్లికి 90, 80, 70 రోజుల ముందు మూడు విడతలుగా విత్తండి. మబ్బు పట్టినా, చలి పెరిగినా పూత వెనకబడుతుంది. అప్పుడు మొదటి విడత ఆదుకుంటుంది. అది ముందే పూసేస్తే పూలు కోస్తూనే ఉండండి. విత్తనం కట్టనిస్తే కొత్త మొగ్గలు తగ్గిపోతాయి.

కూజాకు 12 కాడల చొప్పున 180 కాడలు కావాలి. కోత రోజున మొక్కకు రెండు మంచి కాడలే లెక్కేసుకోండి, అంటే 90 మొక్కలు. పురుగుకూ గాలివానకూ పోయేవాటికి మరో 30 కలిపితే 120, విడతకు 40. మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు వదిలితే 11 చదరపు మీటర్ల మడి చాలు. అంతకంటే దగ్గరగా వేస్తే గాలి ఆడక బూడిద తెగులు పడుతుంది. బంతి నారు పోసి నాలుగైదు ఆకులు వచ్చాక నాటండి. జినియా వేళ్లు కదిలితే నొచ్చుకుంటుంది, గింజ నేరుగా మడిలోనే వేయండి. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయాలి, ఆకులు తడిస్తే మచ్చ తెగులు వస్తుంది. యూరియా ఎక్కువైతే మొక్క ఏపుగా ఎదిగి ఆకులే మిగులుతాయి.

ప్రశ్న: కోసిన జినియా నీళ్లలో పెట్టినా గంటలో తల వాల్చేస్తోంది. ఎందుకు?

జవాబు: కాడ ముదరకముందే కోశారు. పువ్వుకు జానెడు కింద కాడ పట్టుకుని మెల్లగా ఊపండి. మెడ ఊగితే ఇంకా లేత; కర్రలా నిలబడితేనే కోయాలి. జినియా కోశాక విచ్చుకోదు, కాబట్టి పూర్తిగా విరిసినవే ఎంచుకోండి. పెళ్లికి ముందురోజు తెల్లవారుజామున, బకెట్ నీళ్లు పక్కనే పెట్టుకుని కోయండి. నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేయాలి, లేకపోతే అవి కుళ్లి కాడ మూసుకుపోతుంది. రాత్రంతా చల్లని చీకటి గదిలో ఉంచండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, జినియా ఆ చలికి దెబ్బతింటుంది.

ప్రశ్న: చామంతి బాగా ఎదిగినా మొగ్గ తొడగడం లేదు. పక్కనే వీధి దీపం ఉంది.

జవాబు: ఆ దీపమే కారణం కావచ్చు. శీతకాలపు చామంతికి మొగ్గ కట్టాలంటే పొడుగాటి, ఎడతెగని చీకటి రాత్రులు కావాలి. కుండీ అయితే వెలుగు తగలని చోటికి మార్చండి. నేలలో ఉంటే రోజూ సాయంత్రం నల్లగుడ్డ కప్పి ఉదయం తీయండి, మొగ్గలు రంగు తేలేదాకా ఒక్క రోజూ మానకూడదు. పగళ్లు పొడవుగా ఉండే నెలల్లో పెళ్లి అయితే చామంతిని నమ్ముకోకండి.