రెటీనా కింద కొత్త రక్తనాళాలు.. ఇమ్యూనిటీ ప్రొటీన్లే కారణమా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. కొన్ని వారాలుగా కుడి కంటితో చూస్తే గడప, కిటికీ ఊచలు వంకరగా కనిపిస్తున్నాయంటోంది. పరీక్ష చేసి వెట్ ఏఎండీ (వయసుతో రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బులో, కొత్త నాళాలు పుట్టి కారే రకం) అన్నారు. రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టాయని, నెలకొకటి చొప్పున కంట్లోకి మూడు ఇంజెక్షన్లు ఇవ్వాలని చెప్పారు. ఎడమ కంట్లోనూ పసుపు మచ్చలున్నాయట. రక్తంలోని ఇమ్యూనిటీ ప్రొటీన్ల వల్లే ఈ నాళాలు పెరుగుతాయని చదివాం. వాటిలో ఒకటైన సీ3కి రక్తపరీక్ష చేయించాలా? అమ్మ రోజూ ఇమ్యూనిటీ పొడి పాలలో కలుపుకొని తాగుతుంది. అది మానేస్తే తగ్గుతుందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఇంజెక్షన్ సంగతి. ఏ పరీక్ష కోసమో, పొడి మానేసి చూద్దామనో దాన్ని వాయిదా వేయకండి. ఈ జబ్బులో వారాలు కూడా లెక్కే. కారిన నీరు, రక్తం నిలిచిపోయి మచ్చ కట్టిందంటే అక్కడ పోయిన చూపు తిరిగి రాదు.

మీరు చదివింది నిజమే, కానీ సగమే. ఆ ప్రొటీన్లను కాంప్లిమెంట్ అంటారు. ముప్పైకి పైగా ఉంటాయి. ఎక్కువ భాగం కాలేయంలో తయారై, పని పడేదాకా రక్తంలో ఊరికే తిరుగుతుంటాయి. సూక్ష్మజీవి తగిలితే ఒకటి ఇంకొకదాన్ని తెంపుతూ వరుసగా మేల్కొంటాయి. ఈ వరుసకు నడిబొడ్డు సీ3. అది తెగినప్పుడు పెద్ద ముక్క సూక్ష్మజీవికి అతుక్కుని గుర్తు పెడుతుంది. సీ3ఏ అనే చిన్న ముక్క, ఆ తర్వాత సీ5 నుంచి తెగే సీ5ఏ కలిసి తెల్ల రక్తకణాలను అక్కడికి రప్పిస్తాయి. ఇదంతా మన సొంత కణాల మీద జరగకుండా ఫ్యాక్టర్ హెచ్ అనే ఇంకో ప్రొటీన్ బ్రేకు వేస్తుంటుంది.

ఏఎండీ వచ్చేవారిలో చాలామందికి ఆ బ్రేకే కొంచెం వదులు. ఫ్యాక్టర్ హెచ్‌లో 402వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు హిస్టిడిన్ ఉన్నవారికి ముప్పు ఎక్కువని 2005లో తేలింది. మీ అమ్మగారి ఎడమ కంట్లో ఉన్న పసుపు మచ్చలు డ్రూసెన్. అంటే రెటీనా అడుగు పొర కింద పేరుకున్న కొవ్వు, ప్రొటీన్ల చెత్త. వీటిలో సీ3ఏ, సీ5ఏ దొరుకుతాయి. ఇవి పక్కనున్న కణాలను తాకితే ఆ కణాలు వీఈజీఎఫ్‌ను ఎక్కువగా వదులుతాయి. రక్తనాళాన్ని మొలకెత్తమని చెప్పే సంకేతం అదే. కింది పొర నుంచి లేచిన మొలక మధ్యనున్న పలచటి పొరను చీల్చుకుని పైకి వస్తుంది. లేత నాళం కాబట్టి దాని గోడ కారుతుంది. ఆ నీటితో రెటీనా అక్కడక్కడా ఉబ్బి, చూపు కణాలు తమ చోటు నుంచి జరుగుతాయి. అవి పాత చోటే ఉన్నాయనుకుని మెదడు బొమ్మ గీస్తుంది. తిన్నని గడప వంకర తిరిగేది అందుకే.

ఇక మిగతా సగం. సీ3 లేకుండా పెంచిన ఎలుకల కంట్లో లేజర్‌తో గాయం చేస్తే కొత్త నాళాలు అంతగా రాలేదు. అలాంటి ఎలుకల మీదే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు వచ్చే రెటీనా జబ్బు నమూనాను పరీక్షిస్తే నాళాలు ఇంకా ఎక్కువగా పెరిగాయి. అక్కడ సీ5ఏ చేసే పని వేరు. వీఈజీఎఫ్‌ను పట్టేసుకునే ఒక ప్రొటీన్‌ను మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల చేత విడుదల చేయిస్తుంది. అంటే చోటును బట్టి ఇదే ప్రొటీన్ నాళాన్ని పెంచుతుంది, ఇదే ఆపుతుంది. మనుషుల్లోనూ జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటి బయటపడింది. డ్రై ఏఎండీ (కొత్త నాళాలు పుట్టని రకం) ముదిరినవారికి, సీ3ని అడ్డుకునే పెగ్‌సెటాకోప్లాన్‌ను 2023లో అమెరికా అనుమతించింది. ఆ మందు ట్రయల్స్‌లో రెండేళ్లకు, నెలనెలా తీసుకున్నవారిలో 12 శాతం మందికి, రెండు నెలలకోసారి తీసుకున్నవారిలో 7 శాతం మందికి కొత్తగా వెట్ ఏఎండీ వచ్చింది. మందు తీసుకోనివారిలో అది 3 శాతమే. కాంప్లిమెంట్‌ను అణిచేస్తే నాళాలు ఆగిపోతాయన్న లెక్క అంత సూటిగా కుదరదు.

అందుకే సీ3 పరీక్ష వద్దంటున్నాను. గొడవ జరుగుతున్నది రెటీనా కింద. చేతి నుంచి తీసిన రక్తంలో సీ3 మామూలుగానే ఉండొచ్చు. ల్యూపస్, కొన్ని కిడ్నీ జబ్బుల్లో పనికొచ్చే పరీక్ష అది. ఇక పొడి మానేసినా పుట్టిన నాళం ఎండిపోదు, తాగినా కన్ను బాగుపడదు. అమ్మకు షుగర్ ఉంటే మాత్రం ఆ డబ్బా మీద చక్కెర ఎంతుందో చూడండి.

ఇంజెక్షన్ మందు కాంప్లిమెంట్ జోలికి వెళ్లదు, విడుదలైన వీఈజీఎఫ్‌ను పట్టేస్తుంది. రానిబిజుమాబ్ అయితే డోసు 0.5 మిల్లీగ్రాములు, అంటే 0.05 మిల్లీలీటర్లు, ఒక చుక్కంత. చుక్కలతో మొద్దుబార్చి, పోవిడోన్ అయోడిన్‌తో కడిగి, నల్లగుడ్డు అంచుకు 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోంచి సన్నని సూదితో ఇస్తారు. మందు కొన్ని వారాల్లో కరిగిపోతుంది. కింద వీఈజీఎఫ్ తయారవుతూనే ఉంటుంది. రెండో ఇంజెక్షన్‌కే గీతలు తిన్నగా కనిపించాయని మానేసేవాళ్లు చాలామంది. నాలుగైదు నెలలకు మచ్చతో తిరిగొస్తారు. నాకు బాధ కలిగించేది అదే. మూడూ పూర్తిచేయించండి. తర్వాత రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ చూసి ఇంజెక్షన్ల మధ్య ఎడం పెంచుతారు. గత మూడు నెలల్లో గుండెపోటు, పక్షవాతం వచ్చి ఉంటే ముందే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు.

ఎడమ కన్నును కాపాడుకోవాలి. ఆమ్స్‌లర్ గళ్ల కాగితాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, చదివే అద్దాలతో, కుడి కన్ను మూసి రోజూ చూడమనండి. గీత వంగినా, గడి మాయమైనా రెండు మూడు రోజుల్లో చూపించాలి. ఏఆర్ఈడీఎస్2 మాత్రల గురించి డాక్టర్‌ను అడగండి. వాటిలో విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 ఐయూ, జింక్ 80, రాగి 2, ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇవి కుడి కంటికి మందు కాదు, ఎడమ కంటి ముప్పు తగ్గించడానికి. ఇంట్లో ఎవరైనా చుట్ట, బీడీ తాగుతుంటే ఆమె దగ్గర తాగనివ్వకండి. ఏఎండీ ముప్పును పెంచేవాటిలో, మన చేతిలో ఉన్నవాటన్నిటికంటే పెద్దది పొగే.

ఇంజెక్షన్ రోజు కాస్త గరగర, తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ మామూలే. ఆ తర్వాత వారంలోపు నొప్పి పెరుగుతున్నా, కన్ను ఎర్రబడి చూపు మసకబారుతున్నా లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు. అరుదే గానీ, తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రైనా అదే పూట కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.